దుబాసి, ఉమ్మడి భాష
(వేరు వేరు వ్యవస్థల పొత్తు: రైలు పట్టా నుండి ఇంటి దీపం దాకా)

కర్నూలు జిల్లా పడమటి భాగంలో గుంతకల్లుకూ ఆదోనికీ నడుమ ఆస్పరి అనే రైల్వే స్టేషను ఉన్నది. ముంబయి నుండి చెన్నైకి పోయే పెద్ద రైలుమార్గం ఈ ఊరి మీదుగానే సాగుతుంది. ఈ సీమలో తెలుగూ, కన్నడమూ రెండూ వినిపిస్తాయి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉండినవే గదా! ఆదోనికి పత్తి అమ్మవచ్చిన తెలుగు రైతుకు కన్నడం రాదు, కొనవచ్చిన వర్తకునికి తెలుగు రాదు అనుకుందాం. బేరం సాగడం ఎట్లా?

దీనికి ఉపాయాలు రెండు. రెండు భాషలూ తెలిసినవాడొకడు నడుమ నిలిచి ఈ మాట ఆ చెవిని, ఆ మాట ఈ చెవిని వేయడం మొదటిది. ఇట్టివానిని పూర్వం దుబాసి అనేవారు. ద్విభాషి అనే మాటకే ఇది వాడుక రూపం. ఇద్దరికీ తెలిసిన మూడవ భాష ఒకదానిలో మాట్లాడుకోవడం రెండవ ఉపాయం.

మనుషులకు వచ్చిన ఈ చిక్కే యంత్రాలకూ వచ్చింది. నేడు కొన్ని ఇండ్లలో దీపాలు, పంకాలు, తలుపు తాళాలు, నీటి మోటార్లు మనిషి చేయి తగలకుండానే ఆజ్ఞలందుకొని పనిచేస్తున్నవి. వీటిని ఇంటి స్వయంచాలక వ్యవస్థలంటారు. దీపాలు ఒక కంపెనీ వ్యవస్థకూ, తాళాలు మరొక కంపెనీ వ్యవస్థకూ చెందినవైతే ఒకదాని మాట మరొకదానికి అర్థం కాదు. తలుపు తెరవగానే దీపం వెలగాలంటే ఈ రెండింటికీ పొత్తు కుదర్చాలి. ఇది కొత్త సమస్యగా కనిపించినా దీని చరిత్ర పాతది. ఆస్పరి మీదుగా పోయే రైలు పట్టాలోనే అది మొదలవుతున్నది.

రాయచూరులో కలిసిన పట్టాలు

మన దేశంలో ప్రయాణికుల తొలి రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుండి ఠాణాకు నడిచింది. దానిని నడిపినది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ. దక్షిణాదిని మద్రాసు రైల్వే కంపెనీ 1856 జూలై 1న రాయపురం నుండి ఆర్కాటు వైపు తన తొలి మార్గాన్ని తెరిచింది. రెండూ వేరు కంపెనీలు. ఇంజనీర్లు వేరు, పెట్టుబడిదారులు వేరు, లెక్కలు వేరు. ఒకటి బొంబాయి నుండి షోలాపురం మీదుగా ఆగ్నేయంగా దిగివచ్చింది. మరొకటి మద్రాసు నుండి వాయవ్యంగా ఎగబాకి గుంతకల్లు, ఆస్పరి, ఆదోనిల మీదుగా తుంగభద్రను దాటింది. అప్పటికి నిజాం రాజ్యంలో ఉండిన రాయచూరులో 1871లో రెండు మార్గాలూ కలిసినవి. సుమారు 1,280 కిలోమీటర్ల పొడవున బొంబాయి, మద్రాసులకు రైలు సంబంధం ఏర్పడింది.

రెండు కొసల నుండి వచ్చిన పట్టాలు నడుమ కలిసినప్పుడు ఒకదాని వెడల్పు రెండవదానికి సరిపోవడం కాకతాళీయం కాదు. మొదటి కంపెనీలు పని ప్రారంభించే ముందే ఈ విషయంపై పెద్ద చర్చ జరిగింది. ఇంగ్లండులో వ్యాప్తిలో ఉన్న 4 అడుగుల 8½ అంగుళాల వెడల్పు చాలునని కొందరన్నారు. గవర్నరు జనరలు డల్హౌసీ 6 అడుగులు కావాలన్నాడు. చివరకు 5 అడుగుల 6 అంగుళాలు, అనగా 1,676 మిల్లీమీటర్లు నిర్ణయమైంది. ఇరవై ఏండ్ల తరువాత రాయచూరులో రాబోయే చిక్కు ఆ విధంగా ముందే తీరిపోయింది. ఇది ఉమ్మడి భాషకు చక్కని ఉదాహరణ.

అయినా పట్టాల వెడల్పు ఒక్కటైనంత మాత్రాన అంతా ఒక్కటి కాలేదు. ఆ కాలంలో ఏ ఊరికి ఆ ఊరి సూర్యుని బట్టి గడియారం నడిచేది. మద్రాసు కాలం బొంబాయి కాలం కంటె సుమారు అరగంట ముందు. ఒకే పట్టా మీద ఎదురెదురుగా బండ్లు నడిపేవారికి రెండు గడియారాలు ఉంటే ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. అందుచేత రైల్వేలు మద్రాసు కాలాన్ని ఉమ్మడి కాలంగా స్వీకరించినవి. గ్రీనిచ్ కంటె 5½ గంటలు ముందుండే భారత ప్రామాణిక కాలం 1906 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది.

పొత్తుకు ఎన్నో మెట్లున్నవని దీనినిబట్టి తెలుస్తున్నది. వస్తువులు పొసగాలి, అది మొదటి మెట్టు. నడిచే పద్ధతి పొసగాలి, అది రెండవది. చేసుకొన్న సంకేతాలకు ఇరుపక్షాలా ఒకే అర్థం ఉండాలి, అది మూడవది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా పొత్తు నిలవదు.

గుంతకల్లులో తెగిన దారి

ఇంతటి ముందుచూపు ఎంతో కాలం నిలవలేదు. పెద్ద పట్టాలకు ఖర్చు ఎక్కువవుతున్నదని 1870లో మేయో ప్రభుత్వం కొత్త మార్గాలను ఒక మీటరు వెడల్పుతో వేయవచ్చునని నిర్ణయించింది. ఆ శతాబ్ది చివరి దశాబ్దాలలో హుబ్బళ్ళి, బళ్ళారి వైపు నుండీ, నంద్యాల, బెజవాడ వైపు నుండీ మీటర్‌గేజి మార్గాలు గుంతకల్లుకు వచ్చి చేరినవి. ఆస్పరికి సమీపాన ఉన్న ఈ జంక్షనులో బ్రాడ్‌గేజి బండీ, మీటర్‌గేజి బండీ పక్కపక్కన నిలిచేవి. కాని ఒకదాని వాగను రెండవదాని పట్టా మీద అడుగైనా కదలలేదు.

అందువల్ల ఒక మార్గాన వచ్చిన పత్తి బేళ్ళను, వేరుసెనగ బస్తాలను హమాలీలు దింపి, మోసి, రెండవ బండిలో ఎక్కించవలసి వచ్చేది. ఇది కూడ ఒక విధంగా దుబాసి పనియే. మాటకు బదులు బస్తా. నాలుకకు బదులు భుజం. దుబాసి ఉంటే పని సాగుతుంది, నిజమే. కాని కూలి, కాలహరణం, బస్తా చినిగి సరుకు రాలిపోవడం ఇవన్నీ ఆ పొత్తుకు చెల్లించే సుంకాలు.

ఈ బాధ మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణంలో 1844లో 7 అడుగుల పట్టాలు, 4 అడుగుల 8½ అంగుళాల పట్టాలు ఎదురుపడినవి. అక్కడా సరుకు మార్పిడి తప్పలేదు. ఆ గందరగోళమే 1846లో బ్రిటిష్ పార్లమెంటు పట్టాల వెడల్పుపై చట్టం చేయడానికి దారితీసింది. అయినా వెడల్పాటి పట్టాలు పూర్తిగా తొలగిపోయినది 1892లో.

1908లో మద్రాసు రైల్వే, సదరన్ మరాఠా రైల్వే రెండూ ఒకే కంపెనీ అయినవి. యజమాని ఒక్కడైనాడు, కాని గుంతకల్లులో బస్తాలు దింపడం ఆగలేదు. పేర్లు కలిసినంత మాత్రాన పట్టాలు కలియవు. 20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో మీటర్‌గేజి మార్గాలను మార్చే పని సాగింది. 1992లో దేశమంతటికీ ఒకే వెడల్పు అనే పథకం మొదలైన తరువాత అది ఊపందుకొన్నది. పట్టాలను ఊడబెరికి, వంతెనలను సరిచేసి, కొత్త బండ్లను తెచ్చి చేసిన మార్పు అది. మొదట మిగిల్చిన సొమ్ముకు వంద సంవత్సరాల తరువాత చెల్లించిన మూల్యమని దీనిని చెప్పవచ్చు.

మరల షోలాపురం, మరల రాయచూరు

రైలు పట్టాలు కలిసిన 142 సంవత్సరాల తరువాత అదే షోలాపురం, అదే రాయచూరు మరొక కలయికకు వేదికలైనవి. ఈసారి కలిసినది విద్యుచ్ఛక్తి.

మన ఇండ్లకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు. దాని ప్రవాహ దిశ సెకనుకు 50 ఆవర్తనాల చొప్పున మారుతూ ఉంటుంది. దీనినే పౌనఃపున్యం 50 అంటాము. గ్రిడ్ అనే విద్యుత్తు వలలో చేరిన జనరేటర్లన్నీ ఈ లయకు కట్టుబడి తిరగాలి. వాడకం ఉత్పత్తిని మించితే పౌనఃపున్యం తగ్గుతుంది. ఉత్పత్తి వాడకాన్ని మించితే హెచ్చుతుంది.

రెండు వలలను తిన్నగా కలపాలంటే వాటి వోల్టేజీలు, పౌనఃపున్యాలు సమానం కావాలి. రెండు అలలూ ఒకే క్షణాన శిఖరాన్ని చేరాలి. కళాశాలల ప్రయోగశాలలలో దీనిని దీపాలతో చూపుతారు. రెండు జనరేటర్ల నడుమ దీపం కట్టి చూస్తే అది వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఒకదాని పౌనఃపున్యం 50, రెండవదానిది 49.8 అయితే తేడా 0.2, కనుక దీపం 5 సెకనులకొకసారి పూర్తిగా ఆరుతుంది. అది ఆరిన క్షణంలోనే స్విచ్చి వేయాలి. దీపం ప్రకాశిస్తున్నపుడు వేస్తే రెండు యంత్రాలూ ఒకదానినొకటి ఈడ్చుకొని విరగవచ్చు.

దక్షిణ భారత గ్రిడ్ చాలా కాలం తక్కిన దేశంతో ఇట్లా తిన్నగా కలియలేదు. 1990వ దశకం చివర మహారాష్ట్రలోని భద్రావతిలోనూ, 1999లో విశాఖపట్టణం దగ్గర గాజువాకలోనూ వేరొక ఉపాయం పన్నినారు. ఒక గ్రిడ్ నుండి వచ్చిన ఏకాంతర విద్యుత్తును అక్కడ థైరిస్టర్లనే అర్ధవాహక పరికరాలు ఏకముఖ విద్యుత్తుగా మారుస్తవి. ఆ పక్కనే ఉన్న మరికొన్ని దానిని మరల ఏకాంతర విద్యుత్తుగా మార్చి రెండవ గ్రిడ్‌కు అందిస్తవి. ఏకముఖ విద్యుత్తుకు లయ లేదు. కాబట్టి అటువైపు లయ ఇటు సోకదు. గాజువాక కేంద్రం తూర్పు గ్రిడ్‌కూ, దక్షిణ గ్రిడ్‌కూ నడుమ నిలిచిన విద్యుత్తు దుబాసి అన్నమాట. ఒడిశాలోని తాల్చేరు నుండి కర్ణాటకలోని కోలారుకు 2003లో వచ్చిన దీర్ఘమైన ఏకముఖ విద్యుత్ మార్గం కూడ ఈ కోవలోనిదే.

దుబాసి వల్ల ఎంత రక్షణ ఉన్నదో 2012లో తెలిసింది. ఆ సంవత్సరం జూలై 30న ఉత్తర గ్రిడ్ కూలిపోయింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ కూలినవి. సుమారు 60 కోట్ల జనాభా గల ప్రాంతాలు చీకటిలో పడినవి. రైళ్ళు దారిలో నిలిచిపోయినవి. దక్షిణాది గ్రిడ్ మాత్రం నిలిచింది. దానిని తక్కిన దేశంతో కలిపినది లయబంధం కాదు, ఏకముఖ విద్యుత్తు. ఆ ఆటుపోట్లు గడప దాటి లోపలికి రాలేకపోయినవి.

మరి అట్లే ఉంచరాదా అనే ప్రశ్న వస్తుంది. దుబాసి ద్వారా వచ్చే విద్యుత్తు, ఆ కేంద్రపు శక్తికి లోబడినంతే. దక్షిణాదిన కొరత ఏర్పడినప్పుడు ఉత్తరాన మిగులు ఉన్నా కావలసినంత తెచ్చుకొనడం సాధ్యమయ్యేది కాదు. తిన్నగా కలిసిన గ్రిడ్‌లలోనైతే ఒకచోట లోటు పడితే తక్కిన జనరేటర్లన్నీ తత్‌క్షణం కొంత కొంత భారం పంచుకొంటవి. ఈ మేలు కోసం 2013 డిసెంబరు 31న 765 కిలోవోల్టుల రాయచూరు–షోలాపురం మార్గం ద్వారా దక్షిణ గ్రిడ్‌ను తక్కిన దేశంతో ఏకలయలో కలిపినారు. దానితో దేశమంతా ఒకే పౌనఃపున్యం గల గ్రిడ్ అయింది.

ఈ కలయిక ఒక్క తీగతో సాధ్యమైనది కాదు. ఒకప్పుడు మన గ్రిడ్‌ల పౌనఃపున్యం 50 నుండి చాలా దూరం తొలగుతుండేది. 2002, 2003 సంవత్సరాలలో ప్రాంతాల వారీగా కొత్త ధరల పద్ధతి వచ్చింది. పౌనఃపున్యం పడిపోయినపుడు ఒప్పందాన్ని మించి విద్యుత్తు లాగుకొన్నవారు ఎక్కువ ధర చెల్లించాలని అది శాసించింది. అందరూ ఒక క్రమశిక్షణకు అలవాటుపడిన పిమ్మటనే ఉమ్మడి లయ సాధ్యమైంది.

ఇంటిలోనికి వచ్చిన సమస్య

ఇక ఇంటి విషయానికి వద్దాం. స్కాట్లండులోని గ్లెన్‌రోథస్ పట్టణానికి చెందిన పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ 1975లో ఎక్స్‌-10 అనే పద్ధతిని రూపొందించింది. ఇంటిలోని కరెంటు తీగలనే వార్తలు మోసే తీగలుగా వాడుకోవడం దీనిలోని విశేషం. ఏకాంతర విద్యుత్తు అల సున్నాను దాటే క్షణంలో 1,20,000 పౌనఃపున్యం గల చిన్న సంకేతాన్ని తీగపైకి పంపుతారు. 16 ఇంటి గుర్తులు, ఒక్కొక్క గుర్తులో 16 పరికరాలు, మొత్తం 256 చిరునామాలు. పొరుగింటివారు కూడ అదే గుర్తు పెట్టుకొంటే వారి మీట మన దీపాన్ని వెలిగించే ప్రమాదం కూడ ఉండేది.

తరువాత ఐరోపాలో మూడు పద్ధతులు పోటీపడినవి. ఫ్రాన్సులో బాటిబస్ అనేది, జర్మనీ వైపు ఈఐబీ అనేది, ఈహెచ్‌ఎస్ అనేది మూడవది. పోటీ వల్ల ఎవరికీ లాభం లేదని గుర్తించి 1999లో ముగ్గురూ కలిసి ఒక సంఘంగా ఏర్పడినారు. కేఎన్‌ఎక్స్ అనే ఉమ్మడి ప్రమాణం వారి కృషి ఫలితమే.

అప్పటికే తీగలు లేని రేడియో పద్ధతులు బయలుదేరినవి. 1999లో డెన్మార్కులో స్థాపితమైన జెన్‌సిస్ సంస్థ జడ్‌-వేవ్ పద్ధతిని తయారుచేసింది. 2002లో ఏర్పడిన సంఘం జిగ్‌బీ పద్ధతిని వృద్ధి చేసింది. జిగ్‌బీ సాధారణంగా 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలను వాడుతుంది. జడ్‌-వేవ్ 800, 900 మెగాహెర్ట్‌జ్ ప్రాంతాలలో దేశానికొక తరంగాన్ని వాడుతుంది. అనగా రెండింటి పట్టాల వెడల్పే వేరు. ఒకే గదిలో ఉన్నా ఒకదాని పలుకు మరొకదానికి వినబడనే వినబడదు.

ఇంటి దుబాసి, అతని పొరపాట్లు

గుంతకల్లులో హమాలీలు చేసిన పనిని ఇంటిలో చేసే పరికరాన్ని గేట్‌వే అనీ, బ్రిడ్జి అనీ అంటారు. అది ఒక చిన్న కంప్యూటరు. దానికి రెండు రేడియోలు ఉంటవి. ఒకటి జిగ్‌బీ వింటుంది, మరొకటి జడ్‌-వేవ్ పలుకుతుంది. ఈ దుబాసి పనిని చేసే ప్రోగ్రాములను కొందరు ఉత్సాహవంతులు వ్రాసి లోకానికి ఉచితంగా ఇచ్చినారు. 2010లో మొదలైన ఓపెన్‌హ్యాబ్, 2013లో మొదలైన హోమ్ అసిస్టెంట్ వీటిలో పేరెన్నిక గన్నవి.

ఐతే మాటను మార్చడం వేరు, అర్థాన్ని మార్చడం వేరు. దీపపు కాంతిని జిగ్‌బీ 0 నుండి 254 వరకు అంకెలతో కొలుస్తుంది. జడ్‌-వేవ్ 0 నుండి 99 వరకు కొలుస్తుంది. 254 అంటే అక్కడ పూర్తి కాంతి, ఇక్కడ అర్థం లేని అంకె. కనుక దుబాసి అంకెను 99తో గుణించి 254తో భాగించి అందించాలి.

ఇందులో దాగిన చిక్కును విద్యార్థులు తామే లెక్కవేసి చూడవచ్చు. జిగ్‌బీ 100 అన్నదనుకుందాం. 100ను 99తో గుణించి 254తో భాగిస్తే 38.98 వస్తుంది. ప్రోగ్రాము వ్రాసినవాడు భిన్నాన్ని వదలివేస్తే 38 మిగులుతుంది. జడ్‌-వేవ్ దీపం 38కి వచ్చి, “నేను 38లో ఉన్నాను” అని తెలుపుతుంది. దుబాసి దానిని తిరిగి మార్చితే 97.49 వస్తుంది, భిన్నం పోగా 97. జిగ్‌బీ వైపు 100 పోయి 97 వచ్చింది గనుక ఇదొక కొత్త ఆజ్ఞ అనుకొని మరల పంపుతుంది. 97 కాస్తా 37 అవుతుంది, అది 94 అవుతుంది, అది 36 అవుతుంది, అది 92 అవుతుంది. ఎవరూ తాకకుండానే దీపం మసకబారుతూ పోతుంది! ఏ యంత్రమూ చెడలేదు. ఇటు దీపం మంచిదే, అటు మీటా మంచిదే. తప్పు పొత్తులో ఉన్నది.

దీనికి మందులు రెండు. భిన్నాన్ని వదలక దగ్గరి పూర్ణాంకానికి సరిచేయడం ఒకటి. అప్పుడు 100 కాస్తా 39 అయి, 39 మరల 100గానే తిరిగివస్తుంది. తన ఆజ్ఞకు వచ్చిన ప్రతిధ్వనిని కొత్త ఆజ్ఞగా తీసుకోరాదనే నియమం రెండవది. ఒకే విషయంపై ఒక సమయాన అధికారం ఒక్కరికే ఉండాలి. ఒంటి రైలు మార్గాలలో టోకెను అనే పద్ధతి ఇందుకే ఏర్పడింది. రెండు స్టేషన్ల నడుమ ఒక్క టోకెను మాత్రమే బయటికి వస్తుంది. అది చేతికందిన డ్రైవరే బండిని నడపాలి. ఇరువైపుల నుండీ ఒకేసారి బండ్లు బయలుదేరే అవకాశం లేదు.

దుబాసిపై ఆధారపడడంలో ఇంకొక భయం ఉన్నది. దుబాసి లేచిపోతే ఏమవుతుంది? అమెరికాలో రివాల్వ్ అనే గేట్‌వే పరికరం దూరాన ఉన్న కంపెనీ కంప్యూటర్లతో కలిసి పనిచేసేది. ఆ సంస్థను 2014లో నెస్ట్ అనే సంస్థ కొన్నది. 2016 మే నెలలో ఆ కంప్యూటర్ల సేవను ఆపివేసినారు. ఇండ్లలోని పరికరాలకు ఏ లోపమూ లేకపోయినా వాటిని కలిపే నడిమి పెట్టె పనికిరానిదైపోయింది. కనుక ఇంటి దుబాసి ఇంటిలోనే ఉండి, బయటి సహాయం లేకున్నా కనీసపు పనులు చేయగలదా అని కొనేముందు అడిగి తెలుసుకోవడం వివేకం.

మరల ఉమ్మడి భాష

ఇంటింటా ఇన్ని దుబాసులను నిలబెట్టడం కంటె ఒక ఉమ్మడి భాష మేలని కంపెనీలకు తోచడానికి చాలా కాలం పట్టింది. ఆపిల్, గూగుల్, అమెజాన్ సంస్థలూ, జిగ్‌బీ సంఘమూ కలిసి 2019 డిసెంబరులో ఇట్టి భాషను నిర్మిస్తామని ప్రకటించినవి. 2021లో దానికి మ్యాటర్ అని పేరు పెట్టినారు. దాని మొదటి ప్రమాణం 2022 అక్టోబరులో వెలువడింది.

మ్యాటర్ ఒక కొత్త రేడియో కాదు. వైఫై, ఈథర్‌నెట్, థ్రెడ్ అనే మార్గాల మీద నడిచే ఉమ్మడి వ్యాకరణం అది. దీపమంటే ఏమిటి, తాళమంటే ఏమిటి, కాంతిని ఏ అంకెలతో చెప్పాలి అనే విషయాలను అది నిర్ణయిస్తుంది. ఒకే దీపం రెండు కంపెనీల నియంత్రణ వ్యవస్థల ఆజ్ఞలనూ స్వీకరించే ఏర్పాటు ఇందులో ఉన్నది. ఆజ్ఞలు ఇంటిలోని జాలంలోనే నడవగలవు. అవి ఊరు దాటి పోయి రావలసిన అవసరం లేదు.

ఇంకొక విశేషం గమనింపదగినది. ఈ ఉమ్మడి భాషను నిర్మించినవారు దుబాసిని వెళ్ళగొట్టలేదు. జిగ్‌బీ, జడ్‌-వేవ్ వంటి పాత పరికరాలను కొత్త భాషలో పరిచయం చేసే బ్రిడ్జికి ఆ ప్రమాణంలోనే ఒక స్థానం కల్పించినారు. పాత పరికరాలను ఒక్క దినంలో పారవేయమని ప్రజలను కోరడం న్యాయం కాదు గదా! గుంతకల్లులో పట్టాలు మారేదాకా హమాలీలు పనిచేసినట్లే, కొత్త భాష ఇల్లంతా వ్యాపించేదాకా దుబాసి పనిచేస్తాడు.

తరగతి గదిలో

ఈ సంగతులు పట్టణాల వారికే చెందినవి కావు. పల్లెలలో మొబైల్ ఫోనుతో బోరు మోటారును నడిపే స్టార్టర్లు ఇప్పటికే వచ్చినవి. ఇంటిపైన ఉన్న నీటి ట్యాంకు నిండగానే తెలిపే పరికరం వేరొక కంపెనీదై ఉండవచ్చు. ఈ రెండింటినీ కలపడానికి అన్నిటికంటె చిన్న దుబాసి రిలే. ఒక వైపు తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి అది అయస్కాంతమైతే, రెండవ వైపు స్విచ్చి మూసుకొంటుంది. రెండు వలయాల నడుమ విద్యుత్ సంబంధం ఏమీ ఉండదు. దాటిపోయేది “ఔను”, “కాదు” అనే ఒక్క మాట మాత్రమే. ఒకవైపు వోల్టేజి రెండవ వైపు సోకదు. గాజువాకలో పెద్ద ఎత్తున జరిగిన రక్షణ వంటిదే ఇక్కడ అరచేతిలో జరుగుతున్నది.

ఉపాధ్యాయులు ఒక రిలే, రెండు బ్యాటరీలు, రెండు చిన్న బల్బులతో దీనిని తరగతిలో చూపవచ్చు. 6 వోల్టుల వలయం 12 వోల్టుల వలయాన్ని ఎట్లా ఆజ్ఞాపిస్తున్నదో పిల్లలు కండ్లారా చూస్తారు. ఇంటి కరెంటుతో మాత్రం ఈ ప్రయోగం చేయరాదు. అది లైసెన్సు గల ఎలక్ట్రీషియను పని. తరువాత కాంతి అంకెల లెక్కను నల్లబల్ల మీద రెండు విధాలా చేయించాలి. భిన్నాన్ని వదలిన లెక్కలో దీపం ఎక్కడిదాకా తగ్గుతుందో పిల్లలే కనుగొంటారు.

ముంబయి నుండి చెన్నైకి పోయే బండి నేటికీ షోలాపురం, రాయచూరు దాటి ఆదోని, ఆస్పరిల మీదుగా గుంతకల్లు చేరుతుంది. రెండు కంపెనీల పట్టాలు రాయచూరులో ఎక్కడ కలిసినవో నిద్రలో ఉన్న ప్రయాణికునికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. పట్టా వేయకముందే కొందరు కూర్చుండి వెడల్పును గురించి వాదించుకొన్న ఫలితమది.